ఆలివు – ఖర్బూజ: రెండు ఫలాల చరిత్ర

మనం తినే ఫలాలన్నీ ఒక్క తీరున ఉండవు. కొన్ని మొక్కలు తమ ఫలాలను నీటితో, చక్కెరతో నింపుతాయి. మరికొన్ని క్రొవ్వును కూడబెడతాయి. మొదటి తెగకు ఖర్బూజ, రెండవ తెగకు ఆలివు చక్కని ఉదాహరణలు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే, ఒక ఫలంలోని పదార్థాలే దాని చరిత్రను ఎంతవరకు నిర్ణయించగలవో విశదమవుతుంది.

ఆలివు మనకు బొత్తిగా కొత్త పేరు కాదు. తెలుగు బైబిలులో ‘ఒలీవ’ అని కనిపించేది ఈ చెట్టే. మన పెరటిలోని మల్లె కూడ ఈ కుటుంబానికే చెందినది. ఖర్బూజ దోస కుటుంబానిది. అంతేకాదు, మనం పప్పులో వేసుకొనే పసుపుపచ్చని దోసకాయ, వేసవిలో తినే ఖర్బూజ వృక్షశాస్త్ర రీత్యా ఒకే జాతి. రెండింటికీ శాస్త్రనామం ‘కుకుమిస్ మెలో’. పాశ్చాత్యులు ‘కాంటలూప్’ అనేది ఈ జాతిలోని ఒక రకమే.

ఇక వీటిలోని ఆహార పదార్థాలను చూద్దాం. 100 గ్రాముల ఖర్బూజ గుజ్జులో సుమారు 90 గ్రాములు నీరే. చక్కెరలతో కూడిన పిండిపదార్థాలు 8 గ్రాములు. క్రొవ్వు దాదాపు లేదు. శక్తి 34 కెలోరీలు మాత్రమే. అయితే విటమిన్ సి 37 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. నారింజ రంగు గుజ్జు గల రకాలలో, శరీరం విటమిన్ ఎ గా మార్చుకొనే కెరోటిన్ సమృద్ధిగా ఉన్నది. ఉప్పునీట ఊరవేసిన 100 గ్రాముల పచ్చి ఆలివు కాయలలో క్రొవ్వు సుమారు 15 గ్రాములు, శక్తి 145 కెలోరీలు. ఈ క్రొవ్వులో అధిక భాగం ఓలియిక్ ఆమ్లం.

చెట్టునుండి కోసిన ఆలివు కాయను ఎవరూ నోట పెట్టుకోలేరు. ఓలియూరోపీన్ అనే పదార్థం వలన అది విషమంత చేదుగా ఉంటుంది. నీటిలోనో, ఉప్పునీటిలోనో, క్షారజలంలోనో చాలకాలం నానవేస్తేగాని ఆ చేదు విరగదు. నలగగొట్టి పిండితే మాత్రం నూనె వస్తుంది. ఇజ్రాయెల్ దేశపు హైఫా నగర సమీపాన, సముద్రంలో మునిగిపోయిన ఒక ప్రాచీన గ్రామంలో నలగగొట్టిన ఆలివు గింజలు కుప్పలుగా దొరికినవి. అవి సుమారు 7,000 సంవత్సరాల నాటివి.

నూనెలో నీరు లేదు. కాబట్టి సూక్ష్మజీవులు అందులో పెరగవు. జాడీలకు ఎత్తి నెలల తరబడి ఉంచవచ్చు, ఓడలపై దూరదేశాలకు పంపవచ్చు. ఈ ఒక్క గుణం ఆలివును మధ్యధరా ప్రాంతపు వర్తకానికి మూలస్తంభం చేసింది. రోమ్ నగరంలో మోంటె టెస్టాచ్చో అనే గుట్ట నేటికీ నిలిచి ఉన్నది. సుమారు 35 మీటర్ల ఎత్తుగల ఈ గుట్ట మట్టిది కాదు, రాతిది కాదు. క్రీ. శ. మొదటి మూడు శతాబ్దాలలో స్పెయిన్, ఉత్తర ఆఫ్రికాలనుండి ఆలివు నూనె తెచ్చిన జాడీల పెంకులే గుట్టగా పేరుకున్నవి. ఆ జాడీల సంఖ్య 5 కోట్లకు పైబడి ఉంటుందని అంచనా. ఆంగ్లంలోని ‘ఆయిల్’ అనే మాటే ఆలివు పేరునుండి పుట్టింది. మన ‘నూనె’ నువ్వులనుండి పుట్టినట్లే, అక్కడివారికి నూనె అంటే ఆలివు నూనె!

ఖర్బూజ కథ ఇందుకు విరుద్ధం. దీని అడవి జాతులు కూడ చేదువే. చేదులేని, కండగల కాయలను ఎన్నుకొని, తరతరాలుగా వాటి విత్తనాలనే నాటుతూ మానవుడు దీనిని తియ్యనిదిగా మార్చుకున్నాడు. ఈ జాతి మూడుసార్లు వేర్వేరుగా సాగులోకి వచ్చిందనీ, అందులో రెండుసార్లు భారతదేశంలోనే జరిగిందనీ 2019లో వెలువడిన జన్యు పరిశోధన తెలుపుతున్నది.

కాని నీరు, చక్కెర కలిసినచోట సూక్ష్మజీవులకు విందే. పండిన ఖర్బూజ కొద్ది దినాలలో కుళ్ళిపోతుంది. అందుచేత అది వర్తకుల సరకు కాలేదు, రాజుల ముచ్చట అయినది. 9వ శతాబ్దంలో బాగ్దాదు ఖలీఫా మామూన్‌కు ఖ్వారజం దేశపు పండ్లను సీసపు పెట్టెలలో మంచు కూరి పంపేవారట. అదే దేశంలో పండును బద్దలుగా కోసి, ఎండబెట్టి, హిందూదేశానికీ చైనాకూ ఎగుమతి చేసేవారని 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా వ్రాశాడు. నీటిని తొలగిస్తేగాని ఖర్బూజ దూరప్రయాణం చేయలేకపోయింది! 1526లో ఢిల్లీని జయించిన బాబరు సైతం, ఒక పండును కోస్తూ స్వదేశం తలపుకు వచ్చి కంట తడిపెట్టినట్లు తన స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. ‘కాంటలూప్’ అనే పేరు రోమ్ సమీపాన పోపుల తోటలున్న కాంటలూపో అనే ఊరినుండి వచ్చినదని ప్రతీతి.

అయితే ఈ కుళ్ళిపోయే గుణమే ఒకసారి మానవజాతికి మహోపకారం చేసింది. ఫ్లెమింగు 1928లో కనుగొన్న బూజునుండి పెన్సిలిన్ అత్యల్పంగా మాత్రమే లభించేది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా వ్యవసాయశాఖవారి పియోరియా పరిశోధనశాల ఇంతకన్న మేలైన బూజుకోసం వెదకింది. 1943లో ఆ ఊరి బజారులో దొరికిన బూజుపట్టిన కాంటలూప్ పండు ఆ కోరిక తీర్చింది. నేటి పెన్సిలిన్ పరిశ్రమలో వాడే బూజులు ముఖ్యంగా దాని సంతతే.

ఇంతకూ ఈ రెండింటిలో ఏది మేలు? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఆలివును నిలవ ఉంచేది ఉప్పు. 100 గ్రాముల పచ్చి ఆలివు ఊరగాయలో సోడియం 1,500 మిల్లీగ్రాముల వరకు చేరుతుంది. కావున రక్తపు పోటు ఉన్నవారు వాటిని మితంగా తినాలి. ఖర్బూజలో సోడియం స్వల్పం, పొటాసియం ఎక్కువ. అయితే అందులోని కెరోటిన్‌ను శరీరం గ్రహించడానికి ఆహారంలో కొంత క్రొవ్వు ఉండాలి. అది ఆలివు నూనె అయినా సరే, మన నువ్వుల నూనె అయినా సరే. ఒక ఫలం దాచనిదాన్ని మరొకటి దాచింది. రెండింటి విలువా తెలిసి తినడమే వివేకం.