మందకు కావలి శునకము: పూర్వుల నడవడియు నేటి నిర్ణయమును

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు కొండలును చిట్టడవులును కలసిన సీమ. ఇచ్చటి రైతునకు వాన నమ్మరానిది. పశువే నమ్మదగిన ధనము. పుంగనూరు పేరు దూరదేశముల వినబడుట ఆ సీమ పొట్టి ఆవులవలననే గదా! మూడడుగుల యెత్తునకు మించని ఆ యావు దూడగాని, గొఱ్ఱెపిల్లగాని చిఱుతకు ఒక్క దూకునకు చిక్కును. కావున మందకు ఏజాతి కుక్కను పెంచవలెనని మన సోదరులు తఱచుగ మమ్మడుగుచున్నారు. బడిపిల్లలకు సంస్కృతము చెప్పుచు కాలము గడపిన మాకు పశువైద్యము తెలియదు. పూర్వులవలన విన్నదియు, కన్నులార చూచినదియు విన్నవింతుము.

శునకమునకు గోవులకు గల సంబంధము వేదకాలము నాటిది. పణులు గోవులను దాచగా వాని జాడ తీసినది ఇంద్రుని దూతికయైన సరమ. ఈ కథ ఋగ్వేదమున పదవ మండలమునందలి 108వ సూక్తమున కలదు. పణులు ఆమెను చెల్లెలా యని పిలిచి గోవులలో పాలిత్తుమని ఆశ చూపిరి. సరమ లొంగలేదు. పరుల పిండమునకు లోబడకుండుటయే కావలి కుక్కకు మొదటి లక్షణమని దీనివలన తెలియుచున్నది.

పిదప కౌటిల్యుని అర్థశాస్త్రమున, వేటగాండ్రును కుక్కల మందలను నడపువారును అడవిని తిరిగి, దొంగల భయమును క్రూరమృగముల భయమును తొలగించిన చోటనే పశువులను మేపవలెనని విధింపబడినది. ఇది వేటకుక్క పని. క్రీ. శ. 949 ప్రాంతమునాటి ఆతకూరు శాసనమున స్తుతింపబడిన కాళి యను శునకము ఇట్టిదే. అది పెద్ద అడవిపందితో పోరాడి తానును మడిసినది.

కావలికుక్క పని వేఱు. మన కుప్పమునకు దక్షిణమున తిరువణ్ణామలై సీమలో ఎడుత్తనూరను గ్రామమున పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరశిల యొకటి కలదు. అది ఏడవ శతాబ్దిది. వీరుడు మడియగా అతని శునకమైన కోవివన్ ఇరువురు దొంగలను కఱచి కాపుండెనని ఆ శిల చెప్పుచున్నది. కాళి తఱిమినది, కోవివన్ నిలిచినది. మందకు కావలసినది ఈ రెండవది.

ఈ భేదము మఱచుటచేతనే నేడు మనవారు నష్టపడుచున్నారు. రాజపాళయము, చిప్పిపారై, ముధోల్ అనునవి ప్రభుత్వ సంస్థచే గుర్తింపబడిన మేలుజాతులే. తెలుగుదేశమునుండి వలసపోయిన రాజులు స్థిరపడిన ఊరి పేరే మొదటిదానికి కలిగినదని మనకు అభిమానము కూడ. కాని ఇవన్నియు వేటజాతులు. కన్నులకు కదలినదాని వెంట పరుగెత్తును. పైగా తెల్లని రాజపాళయపు కుక్కలలో కొన్నిటికి పుట్టుచెవుడు కలదు. చెవిటి కావలి యేమి కావలి?

మా తప్పును గూడ దాచము. కొన్ని వత్సరముల క్రిందట మా బంధువొకడు మా సలహామీదనే దట్టపు బొచ్చుగల విదేశపు పిల్లను అధిక ధనమిచ్చి కొనితెచ్చెను. అది వైశాఖపుటెండకు నీడ విడువదయ్యె. గొఱ్ఱెపిల్లలను తఱిమి ఆడుకొనుటే దానికి వినోదము. ఒకనాటి రాత్రి చిఱుత దొడ్డి దూకి రెండు మేకలను పట్టుకొనిపోగా, అది వసారాలో నిద్రించుచుండెను. తప్పు కుక్కది కాదు. ఇంట పెరిగినది ఇంటివారినే తనవారనుకొనును.

1970వ దశకము చివర అమెరికాలో రేమండ్ కాపింజర్ మొదలగువారు యూరపు, తురుష్కదేశముల కాపుకుక్కలను పరిశీలించి, పిల్ల నాలుగవ వారము మొదలు పదునాఱవ వారములోపల గొఱ్ఱెలతో కలసి పెరిగిననే మందను తనదిగా నెంచునని తేల్చిరి. మన గొల్లలు, కురుబలు మందలోనే ఈనిన కుక్క పిల్లలను ఉంచుకొనుట ఈ రహస్యము నెఱిగియే గదా! కావున మా నిర్ణయమిది: తల్లిదండ్రులు మందను కాచినవై, ఎండకోర్చునవై, పొట్టి బొచ్చు గలవైన నాటుపిల్లలను ఏఱుకొనుడు. కర్నూలు సీమ పత్తికొండ చెంత పందికోన కుక్కలు కావలికి ప్రసిద్ధి కెక్కినవే. వానినైనను పేరు చూచి కాక పెంపకము చూచి గ్రహింపుడు.

రెండు హెచ్చరికలు. 1990లో కౌండిన్య అభయారణ్యమేర్పడిన మన సీమలో ఏనుగులు తిరుగుచున్నవి. ఏనుగును మొఱిగి రేపిన కుక్క వెనుకకు యజమానికడకే పరుగెత్తివచ్చును. అట్టి చోట రాత్రి కుక్కను కట్టివేయుడు. చిఱుతకు కుక్కయు ఆహారమే. హిమాలయపు కాపరులవలె మెడకు ఇనుపముండ్ల పట్టీ వేయుడు, ఒంటరిగ విడువకుడు. ఇక గొఱ్ఱె పచ్చి తలను, ప్రేవులను కుక్కకు వేయరాదు. వానివలన కుక్క కడుపున పురుగులు పుట్టి, గొఱ్ఱెలకు తల తిరుగు రోగము, మనుష్యులకు కడుపులో నీటిగడ్డలు కలుగును. ఏటేట వెఱ్ఱికుక్క రోగమునకు సూది తప్పక వేయింపవలెను.

సరమ ఆశకు లొంగలేదు, కోవివన్ చోటు విడువలేదు. ఈ రెండు గుణములు గల శునకము మన దొడ్లలోనే పుట్టుచుండగా అంగడిలో వెదకుటేల? పశుధనము వర్ధిల్లుగాక! స్వస్తి.