జంట యూటల గణితము

ఆగస్టు 28 ఆంత్వాన్ ఆగస్టిన్ కూర్నో జయంతి. ఫ్రాన్సు దేశమున సోన్ నదీతీరమందలి గ్రే పట్టణమున 1801లో జన్మించిన యీ గణితవేత్త నామము అర్థశాస్త్ర విద్యార్థులకు తప్ప అన్యులకు పరిచితము కాకపోవుట నాకు ఖేదము గలిగించును. ఏలయన, ఒకే సంతలో ఒకే సరకు నమ్ముకొను ఇరువురు ఎవరికి వారు ఎంత సరకు దింపవలెనో తొలుత లెక్కగట్టి చూపిన ధీమంతు డాయనయే.

అంతకు బూర్వము శతాబ్దములు గడచెను. ఓలివు గానుగల నన్నిటిని ముందుగా బాడుగకు గొని ఏకస్వామ్యము సంపాదించిన థేలీసు కథను అరిస్టాటిలు చెప్పెను. వర్తకులు కూడబలుకుకొని ధర పెంచినచో వేయి పణముల దండనమును కౌటిల్యుడు విధించెను. ఒక్క దుకాణదారుని స్థానమున ఇద్దరున్నచో ధర తగ్గునని 1776లో ఆడమ్ స్మిత్ వ్రాసెను. ఎంత తగ్గునో ఎవరును జెప్పలేదు.

1838లో వెలువడిన చిన్న గ్రంథమున కూర్నో రెండు ఖనిజజలపు టూటలను, వాని స్వాములను ఊహించెను. నీరు సమానగుణము గలది. తోడుటకు వ్యయము లేదు. సుబోధమగుటకై అంకెలు నేను కల్పింతును: నూటయిరువది కడవలు సంతకు వచ్చినచో నీటికి ధరయే యుండదు, ఒక్కొక్క కడవ తగ్గినకొలది ధర ఒక్కొక్క నాణెము హెచ్చును. ఎదుటివాడు దింపినది పోగా మిగిలిన గిరాకీలో సగము దింపుటయే ఎవరికైనను అధికలాభము. మొదటివాడు ఏకాకియై అరువది దింపెననుకొందము. రెండవవాడు వచ్చి ముప్పది దింపును. అది చూచి మొదటివాడు నలువదియైదుకు దిగును. దానికి రెండవవాడు ముప్పదియేడున్నరకు ఎక్కును. ఇట్లు దిగుచు, ఎక్కుచు, తుద కిరువురును నలువది వద్ద నిలుతురు. అచట కదలినవాడే నష్టపోవును. చెరి ముప్పదితో సరిపెట్టుకొన్నచో చెరి పదునెనిమిదివందల నాణెములు వచ్చును గదా, నలువది వద్ద పదునారువందలే గదా యని మీరడుగవచ్చును. కాని ఎదుటివాడు ముప్పదికి గట్టుపడియున్నప్పుడు తాను నలువదియైదు దింపినవానికి రెండువేల యిరువదియైదు దక్కును. ఒడంబడికను లోలోపల దొలుచు నీ యాశను సమీకరణమున బంధించిన మేధకు నేను నమస్కరింతును.

ఆ గ్రంథమును ఆనాడు ఆదరించినవారు లేరు. ఇరువదియైదేండ్లకు, 1863లో, సమీకరణములను విడిచి దానినే ఆయన తిరిగి వ్రాసెను, 1877లో పరమపదించెను.

పిదప దారి చీలిపోయినది. వర్తకులు పరిమాణమును గాక ధరను నిర్ణయింతురని, అప్పుడు ధర వ్యయము వఱకును పడిపోవునని 1883లో బెర్ట్రాండ్ ఆక్షేపించెను. ఒకడు ముందుగా నడచినచో అతడు అరువది, అనుచరుడు ముప్పది దింపుదురని 1934లో స్టాకెల్‌బెర్గ్ మార్గము తేల్చును. 1950లో నాష్ నిర్వచించిన సమతాస్థితిలో కూర్నో నలువది ఇమిడిపోయినది. తొట్లు ముందుగా గట్టుకొని, పిదప ధరలతో పోటీపడినను, కొన్ని నియమములకు లోబడి, కూర్నో ఫలితమే వచ్చునని 1983లో క్రెప్స్, షైంక్‌మన్ నిరూపించిరి. నీటి రుచులు వేఱైనచో ఈ లెక్క మారును. పొరుగున మూడవ యూట పుట్టినచో వాటాయు ముప్పదియే, ధరయు ముప్పదియే.