విద్యార్థి మనసు – ప్రభుత్వ పద్దు

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతున్న రోజుల్లో ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి కళాశాలలోనూ ఒక అధ్యాపకుడు విద్యార్థులకు కౌన్సెలర్‌గా వ్యవహరించాలట. ప్రిన్సిపాల్ గారు నా పేరు రాసుకున్నారు. శిక్షణ లేదు, గది లేదు, పాఠాల బరువు తగ్గలేదు, ఒక్క రూపాయి మంజూరు కాలేదు. ఆ ఏడు చివరి బెంచీలో కూర్చునే కుర్రవాడొకడు మాట్లాడటం మానేశాడు. నేను ఛందస్సు చెప్పి బయటికి వచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకు అతడు చదువే మానేశాడు. రిజిస్టరులో 'కౌన్సెలింగ్ జరిగింది' అని సంతకం చేసింది మాత్రం నేనే.

ఆ సంతకమే నా చేత ఈ వ్యాసం రాయిస్తోంది. విద్యార్థికి మనసుందని మన పాలకులు చాలాసార్లు ఒప్పుకున్నారు. దానికి డబ్బు ఎన్నిసార్లు ఇచ్చారన్నదే చరిత్రను అడగవలసిన ప్రశ్న.

1946లో భోర్ కమిటీ నివేదిక మానసిక ఆరోగ్యాన్ని ప్రజారోగ్యంలో భాగంగా చూడమంది. అప్పటికి దేశంలో సుమారు 40,000 మందికి ఒక పడక చొప్పున మాత్రమే మానసిక వైద్యశాలల్లో చోటుంది. ఆ దశకంలోనే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మధ్యతరగతి మనిషి అంతరంగంలోకి దిగాయి. అది ఫ్రాయిడ్ ప్రభావమా, వ్యక్తివాదమా అని మన విమర్శ వాదించుకుంది. ఆ అవసరమైన చర్చలోనూ సీతారామారావు లాంటివాడు బడిలో ఉండగానే తారసపడితే వాడిని పట్టుకొనే చేయి ఎవరిది, ఆ చేతికి జీతమెవరిస్తారు అని మనమూ అడగలేదు.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ఒకప్పటి దత్త మండలాల్లోని బళ్ళారిలో 1985 నుంచి 1990 దాకా నిమ్‌హాన్స్ సంస్థ జిల్లా స్థాయిలో ప్రయోగం చేసి, మామూలు వైద్యులూ ఆరోగ్య కార్యకర్తలూ శిక్షణతో ఈ పని చేయగలరని చూపింది. దాని ఆధారంగా 1996లో జిల్లా కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన మెదక్ ఒకటి. తొమ్మిదో ప్రణాళిక అయిదేళ్ళకూ దేశమంతటికీ దీనికి కేటాయించింది 28 కోట్లు. బడి పిల్లల కోసం ప్రత్యేకమైన అంశం ఇందులో చేరింది పదకొండో ప్రణాళికలో, అంటే 2007 తర్వాత. కార్యక్రమం పుట్టిన పాతికేళ్ళకు బడి గుర్తొచ్చిందన్న మాట!

ఆ పాతికేళ్ళలో బడే మారిపోయింది. 1990ల సరళీకరణతో చదువు సరుకైంది. ఇంటర్మీడియట్ విద్య హాస్టలు గదుల్లో ర్యాంకులు తయారుచేసే కర్మాగారమైంది. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రి అప్పుకు, కొడుకో కూతురో తమ మనసుతో వడ్డీ కట్టారు. 2001లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ ఆత్మహత్యలపై నీరదారెడ్డి కమిటీని వేయవలసి వచ్చింది. ఆ సంవత్సరం దేశంలో 5,425 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని నేర గణాంకాలు చెబుతున్నాయి. 2022 నాటికి ఆ సంఖ్య 13,044. వీరిలో 2,248 మంది మరణానికి పరీక్ష తప్పడమే కారణంగా నమోదైంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయని తేలింది. తెలుగు పేపరులో ఒక అమ్మాయికి సున్నా వేశారు. తిరిగి చూస్తే 99. తెలుగు అధ్యాపకుడిగా ఆ రెండు అంకెలు నన్ను నిద్రపోనివ్వలేదు. తప్పు చేసింది యంత్రాంగం, శిక్ష పడింది పిల్లలకు. 'ఆగు, ఇందులో పొరపాటుండవచ్చు' అని పక్కన కూర్చుని చెప్పే మనిషికి ఏ బడ్జెట్‌లోనూ చోటు లేదు.

విశాఖపట్నంలో 2023లో జరిగిన ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. వందమందికి పైబడి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నది. మంచి మాటే. కాని జీతానికి పద్దు లేకపోతే రేపు మరో తెలుగు మాస్టారి పేరు రిజిస్టరుకెక్కుతుంది. 2023–24 కేంద్ర బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి 919 కోట్లు చూపారు. అందులో 721 కోట్లు బెంగళూరులోని ఒక్క నిమ్‌హాన్స్‌కే వెళ్ళాయి. ఆ సంస్థ అవసరమైనదే. అయితే జిల్లా పరిషత్ హైస్కూలుకు చేరేదెంత?

కౌన్సెలింగ్ అంటే దోపిడీ వ్యవస్థ వేసే మలాం పట్టీ అని కొందరు మిత్రులంటారు. వ్యాధి మూలం వ్యవస్థలోనే ఉందన్న మాట నాకూ సమ్మతమే. అయితే గనిలో ప్రమాదం జరిగితే, గని జాతీయం కావాలని అడిగేవాడు అంబులెన్సు వద్దనడు. రెండూ కార్మికుడి హక్కులే. ఫీజుల దోపిడీపై పోరాటమూ, బడికొక శిక్షణ పొందిన కౌన్సెలర్ కావాలన్న కోరికా విడదీయరానివి.

విద్యార్థి ఆత్మహత్యపై మన కథలు చాలా వరకు తల్లి ఏడుపుతోనో, ధైర్యంగా ఉండమన్న హితబోధతోనో ముగుస్తాయి. ధైర్యం లేకపోవడం ఆ పిల్లవాడి నేరమన్నట్టు! రాసేవాళ్ళు ఇకమీదట ఆ కళాశాల జమాఖర్చులు కూడా చదవాలి. ప్రకటనలకెంత, కౌన్సెలర్‌కెంత అన్నది కూడా కథా వస్తువే. అలాంటి కథలో నాలాంటి అధ్యాపకుడూ ఉండాలి. రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు అతని చెయ్యి వణికిందో లేదో కూడా రాయాలి.