ఊయల పక్కన నోటుపుస్తకం

1842లో ఒకరోజు ఇంగ్లండ్‌లో రెండేళ్ల ఏడున్నర నెలల పిల్లవాడు భోజనాల గదిలోంచి బయటికొస్తూ తండ్రికి ఎదురుపడ్డాడు. కళ్లు ఎప్పటికన్నా మెరుస్తున్నాయి, వాలకం తేడాగా ఉంది. లోపల ఎవరున్నారోనని తండ్రి వెళ్లి చూస్తే, ముట్టుకోవద్దన్న పంచదార పొడి తిన్నట్టు తెలిసింది. రెండు వారాల తర్వాత అదే గది దగ్గర మళ్లీ దొరికాడు. ఈసారి తొడుక్కున్న ఏప్రన్‌ని జాగ్రత్తగా పైకి చుట్టి పట్టుకున్నాడు. అందులో ఏమీ లేదన్నాడు, వెళ్లిపొమ్మని తండ్రినే గదమాయించాడు. విప్పి చూస్తే ఊరగాయ రసం మరకలు.

ఇంకో ఇంట్లో అయితే ఒక మొట్టికాయతో ఆ కథ ముగిసేది. ఈ తండ్రి మాత్రం ఆ రెండు సంఘటనలనూ పిల్లవాడి వయసు వేసి మరీ రాసిపెట్టుకున్నాడు. మొదటిసారి ముఖంలో కనిపించింది భయం కాదని, తిన్న సంబరమూ మనస్సాక్షీ పెనుగులాడటమని అనుకున్నాడు. రెండోసారిది ముందే ఆలోచించుకుని చేసిన మోసం. అంటే ఆ రెండు వారాల్లో పిల్లవాడి బుర్రలో ఏదో మారింది. తండ్రి పేరు చార్లెస్ డార్విన్, పిల్లవాడు పెద్దకొడుకు విలియం.

విలియం 1839 డిసెంబర్ 27న పుట్టినప్పుడు మొదలైన రాత అది. నాలుగున్నర నెలలప్పుడు అద్దంలో తండ్రి బొమ్మను చూసి నిజం మనిషే అనుకుని నవ్వాడు. గొంతు వెనకనుంచి వినిపించేసరికి తెల్లబోయాడు. రెండు నెలలు తిరగకుండానే, తండ్రి చప్పుడు చేయకుండా వెక్కిరిస్తే అద్దాన్ని వదిలేసి గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఏడాది వయసులో తిండికి తనంతట తానే 'మమ్' అని పేరు పెట్టుకున్నాడు. ఈ రాతలన్నీ దాదాపు 37 ఏళ్లు ఇంట్లోనే ఉండిపోయాయి. ఒక చిన్నారి మాటలు నేర్చిన తీరుపై ఫ్రెంచి రచయిత ఇపొలిట్ టేన్ రాసిన వ్యాసం 'మైండ్' పత్రికలో ఇంగ్లిషులో వచ్చాక, డార్విన్ పాత పుస్తకాన్ని బయటికి తీశాడు. అందులోంచి తీసి రాసిన వ్యాసం 1877లో అదే పత్రికలో అచ్చయింది.

పిల్లల్ని గమనించి రాయడం డార్విన్‌తో మొదలు కాలేదు. ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీ 1601లో పుట్టిన నాటినుంచీ ఆయన వైద్యుడు ఝాన్ ఎరార్ దినచర్య రాశాడు. 1787లో జర్మన్ తత్వవేత్త డీట్రిచ్ టీడెమన్ తన కొడుకు తొలి ఏళ్ల మీద రాసినదాన్ని ప్రచురించాడు. కానీ డార్విన్ తర్వాతే ఇదొక ఆనవాయితీగా పాకింది. విల్‌హెల్మ్ ప్రేయర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మూడేళ్లపాటు రోజుకు మూడుసార్లు కొడుకును పరిశీలించి 1882లో పుస్తకం వేశాడు.

పిల్లల ఎదుగుదలను లెక్కపెట్టుకోవడం తెలుగిళ్లకూ కొత్త కాదు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. అయితే ఆ పిండివంటలన్నీ ఒంటికి వచ్చిన చేవకు జరిగే పండుగలు. బుర్రలో ఒక కొత్త ఆలోచన మొలకెత్తిన రోజు ఎవరికీ కనపడదు. దాన్ని పట్టుకోవాలంటే కూచుని చూడాలి, తేదీ వేసి రాయాలి.

ఆ రాతపనిలో ఆడవాళ్ల చేయి ఎంతో ఉంది. డార్విన్ నోటుపుస్తకంలో భార్య ఎమ్మా చేతిరాత కూడా కనిపిస్తుంది. జర్మనీలో క్లారా స్టెర్న్, భర్త విలియంతో కలిసి 1900లో పెద్దకూతురు హిల్డె పుట్టినప్పటినుంచి 1918 దాకా ముగ్గురు పిల్లల దినచర్యలు రాసింది. కాలిఫోర్నియాలో మిలిసెంట్ షిన్ తన మేనకోడలు రూత్ తొలి ఏడాదిని గురించి 1900లో పుస్తకం తెచ్చింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పొందిన మొదటి మహిళ ఆమే.

ఇక మనస్తత్వవేత్త జీన్ పియాజె. టెట్, డీఎస్సీ పరీక్షలకు చదివేవాళ్లంతా ఆయన చెప్పిన నాలుగు దశలను కంఠతా పడతారు: రెండేళ్ల దాకా ఇంద్రియ చాలక దశ, ఏడేళ్ల దాకా పూర్వ ప్రచాలక దశ, పదకొండు దాకా మూర్త ప్రచాలక దశ, ఆపైన అమూర్త ప్రచాలక దశ. ఆ నాలుగు వరుసల వెనక కొన్ని తప్పు జవాబులున్నాయి.

1896లో స్విట్జర్లాండ్‌లోని నూషటెల్‌లో పుట్టిన పియాజె చదివింది జీవశాస్త్రం. నత్తల మీద పరిశోధనతో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. 1919లో పారిస్ వెళ్లాక, తెలివితేటల పరీక్షలు తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బినే సహచరుడు సిమోన్ ఆయనకు ఒక పని అప్పగించాడు. సిరిల్ బర్ట్ రూపొందించిన ప్రశ్నలను పారిస్ పిల్లలకు ఇచ్చి, ఏ వయసువాళ్లు ఎన్నింటికి సరిగ్గా చెబుతారో లెక్కగట్టాలి. పియాజె మనసు మాత్రం తప్పుల మీద పడింది. ఒకే వయసు పిల్లలు ఒకే రకం తప్పు చేస్తున్నారు. తెలియక చేసిన తప్పయితే తలా ఒక తీరుగా ఉండాలి కదా! ఎందుకలా అనుకున్నావని ఒక్కొక్కరినీ కూచోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. 1921లో జెనీవాలోని రూసో సంస్థలో చేరి ఆ అడగడాన్నే వృత్తి చేసుకున్నాడు.

1925, 1927, 1931లలో జాక్లిన్, లూసియెన్, లోరాన్ పుట్టారు. పియాజె, భార్య వాలెంటైన్ కలిసి ఊయల పక్కన నోటుపుస్తకం తెరిచారు. లూసియెన్‌కు ఏడాదీ నాలుగు నెలలున్నప్పుడు తండ్రి ఆమె ముందు ఒక అగ్గిపెట్టె పెట్టాడు. అందులో గడియారం గొలుసు ఉంది. పెట్టె మూడు మిల్లీమీటర్లే తెరిచి ఉంది. పెట్టెను జరిపి తెరవడం ఆ పాప ఎన్నడూ చూడలేదు. వేలు దూర్చబోయింది, పట్టలేదు. ఆగింది. ఆ సందునే తదేకంగా చూస్తూ తన నోరు కొద్దిగా తెరిచింది, మూసింది, ఇంకాస్త వెడల్పుగా తెరిచింది. వెంటనే సందులో వేలు పెట్టి పెట్టెను లాగింది. గొలుసు చేతికొచ్చింది. మాటలింకా సరిగా రాని బిడ్డ ఆ సందు పెద్దది కావాలన్న ఆలోచనను నోటితో బొమ్మకట్టింది.

బడి ఈడు పిల్లల విషయానికొస్తే, ఒకే తీరున్న రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని సన్నటి పొడవాటి గ్లాసులోకి ఒంపితే నాలుగైదేళ్లవాళ్లు దాంట్లోనే ఎక్కువున్నాయంటారు. ఏడెనిమిదేళ్లవాళ్లకు ఆ ప్రశ్నే వింతగా ఉంటుంది. కౌమారం సంగతి ప్రధానంగా పియాజె సహోద్యోగి బార్బెల్ ఇన్‌హెల్డర్ తేల్చింది. లోలకం ఊగే వేగం దేనివల్ల మారుతుందని అడిగితే, చిన్నపిల్లలు దారం పొడవునూ బరువునూ ఒకేసారి మార్చేసి తికమకపడ్డారు. కౌమారంలోకి వచ్చినవాళ్లు బరువును కదపకుండా దారం ఒక్కదాన్నే మార్చి చూశారు. ఈ ప్రయోగాలపై ఆమే పియాజె కలిసి రాసిన పుస్తకం 1955లో వచ్చింది.

పియాజె మాటే ఆఖరు మాట కాలేదు. ఆయన పుట్టిన 1896లోనే పుట్టి 37 ఏళ్లకే క్షయతో పోయిన రష్యన్ శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ, పిల్లల ఆలోచన పెద్దవాళ్లతో మాటల్లోనే రూపు కడుతుందన్నాడు. 1970లలో స్కాట్లండ్‌లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ పియాజె నీళ్ల గ్లాసుల్లాంటి పరీక్షే పెట్టి, వరుసలో పేర్చిన బిళ్లలను పెద్దవాళ్ల చేత కాక ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ చేత చెదరగొట్టించారు. అప్పుడు అదే ఈడు పిల్లల్లో చాలా ఎక్కువమంది బిళ్లలు తగ్గలేదని సరిగ్గా చెప్పారు. పెద్దవాళ్లు కావాలని మార్చి మళ్లీ అడిగితే, జవాబూ మారాలేమోనని పిల్లలు అనుకుంటారు మరి.

నోటుపుస్తకం పనిని తర్వాత యంత్రాలు అందుకున్నాయి. 2005లో అమెరికాలో దేబ్ రాయ్ అనే శాస్త్రవేత్త, కొడుకు పుట్టబోతుండగా తన ఇంటి పైకప్పుల్లో 11 కెమెరాలు, 14 మైకులు అమర్చాడు. మూడేళ్లలో 90,000 గంటల వీడియో, 1,40,000 గంటల ధ్వని పోగయ్యాయి. 'గాగా' అన్న పలుకు ఆరు నెలల్లో మెల్లగా 'వాటర్' అయిన తీరు అందులో వినవచ్చు. ఆ రికార్డుల్లో ఇంకొకటి కూడా బయటపడింది. బిడ్డ ఒక మాట పలకబోయే రోజులు దగ్గరపడే కొద్దీ అమ్మ, నాన్న, ఆయా ఆ మాటతో చెప్పే వాక్యాలు చిన్నవవుతూ వచ్చాయి. బిడ్డ నోట ఆ మాట పలికాక మళ్లీ పెరిగాయి. తామలా కిందికి దిగివచ్చామని ఆ ముగ్గురిలో ఎవరికీ తెలిసి ఉండదు.