గిల్టు అద్దం

గిల్టు అనగానే మనకి నకిలీ అని అర్థం. పేరంటంలో ఎవరి గొలుసైనా గిల్టుదని తెలిసిందంటే ఆ పూటకి కబుర్లకి కొదవ ఉండదు. నేనూ ఆ తానులో ముక్కనే. అందుకే పెళ్ళయిన కొత్తలో సంక్రాంతికి ఇల్లు దులుపుతూ, మా హాల్లో గోడనున్న పెద్ద అద్దం ఫ్రేముని ఇత్తడి సామానుతోపాటు చింతపండు పెట్టి తోమేశాను.

చిలకలూరిపేట దగ్గర పత్తి పండించే ఊరు మాది. మా మామగారి తండ్రి పత్తి అమ్మిన డబ్బుతో మద్రాసు మూర్ మార్కెట్టులో ఆ అద్దం కొన్నారట. చుట్టూ చెక్కలో చెక్కిన లతలు, ద్రాక్షగుత్తులు, పైన రెండు పక్షులు. చూస్తుండగానే ఒక మూల పచ్చదనం పోయి ఎర్రమట్టి బయటపడింది.

"అమ్మాయీ, అది బంగారమే!" అన్నారు మా అత్తగారు పరుగున వచ్చి.

"గిల్టే కదత్తయ్యా!" అన్నాను. బి.ఏ. చదివిన గీర మరి.

ఆవిడ మారు మాట్లాడలేదు. ఆ మూలకి ఓ చేమంతి దండ తగిలించి, మామగారు అడిగితే "పండగ కదండీ" అన్నారు.

చాలా ఏళ్ళకి హైదరాబాదులో సాలార్ జంగ్ మ్యూజియం చూస్తూ, అలాంటి బంగారు పూత ఫ్రేముల ముందు నిలబడిపోయాను. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. చెక్క మీద సుద్దా జిగురూ కలిపి పూతలు పూతలుగా పూస్తారు. దానిమీద మెత్తటి ఎర్రమట్టి. అది తడిపి, ఊపిరి తగిలినా ఎగిరిపోయేంత పల్చటి బంగారు రేకు పరిచి, ఆరాక నున్నటి రాయితో మెరుగుపెడతారు. మన తంజావూరు పటాలదీ ఇంచుమించు ఇదే పద్ధతి. జిగురుకి నీళ్ళు పడవు. మళ్ళీ తడి తగిలితే అంతా ఊడొస్తుంది. నేను చేసిన నిర్వాకం అదన్నమాట! పేటలో కంసాలికి ఊడిన తునక ఒకటి చూపిస్తే, ఆసిడ్ చుక్క వేసి "మేలిమేనమ్మా" అన్నాడు.

ఈ వేడుక ఫ్రాన్సు రాజులది. పద్నాలుగో లూయీకి వెండి బల్లలూ వెండి దీపస్తంభాలూ ఉండేవి. 1689లో యుద్ధం ఖర్చులకి వాటిని కరిగించేశాడు. వాటి స్థానంలోకి బంగారు పూత చెక్క వచ్చింది. అంటే రాజుగారింట్లో కూడా గిల్టు చేరింది డబ్బు చాలకేనన్నమాట! విప్లవం వచ్చాక 1793లో వెర్సాయి సామాను వేలం మొదలుపెడితే, పదిహేడు వేల పైచిలుకు లాట్లు పాడటానికి ఏడాది పట్టింది.

ఫ్రెంచి రాజుల కాలం నాటి ఇలాంటి సామాను పోగుచేసినవాళ్ళలో నాలుగో హెర్ట్‌ఫర్డ్ ప్రభువు ఒకడు. 1870లో ఆయన పోతే అది రిచర్డ్ వాలెస్‌కి దక్కింది, ఆయన తర్వాత భార్యకి. ఈవిడ ఒకప్పుడు పారిస్‌లో అత్తరు దుకాణంలో పనిచేసిన పిల్ల. 1897లో ఆవిడ పోతూ పోతూ లండన్ ఇంట్లో ఉన్నదంతా దేశానికి రాసిచ్చింది. 1900 నుంచి జనం చూస్తున్నారు. ఎవరు కొన్నారో చెప్పుకుంటారుగాని, చెదరకుండా ఎవరు నిలబెట్టారో ఎవరడుగుతారు?

మన సాలార్ జంగ్‌కి ఆ ఆడదిక్కూ లేదు. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో నిజాముకి దివాను అయ్యాడు, రెండేళ్ళకే మానుకున్నాడు. ఆ తర్వాత సేకరణే లోకం. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడిలోనే ఆ మ్యూజియం తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారింది.

కంసాలి మాట చెబుదామంటే అప్పటికే అత్తగారు లేరు. మామగారికి ఆ మూల సంగతి చివరిదాకా తెలియనే లేదు.

మిరపకాయలు కల్లాలకి చేరాక మా ఊళ్ళో దుమ్ము ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ ఫ్రేముని మెత్తటి పొడి కుంచెతో దులుపుతాను. సంక్రాంతికి ఆ మూలన చేమంతి దండ వేస్తాను.