యీ కౌంటీ

చైనా తూర్పు భాగంలోని అన్హుయ్ రాష్ట్రంలో, హువాంగ్‌షాన్ పర్వతాలకు నైరుతి దిక్కున ఉన్న కొండ ప్రాంతం యీ కౌంటీ. ఛిన్ వంశపు తొలి చక్రవర్తి కాలంలోనే, క్రీ.పూ. 3వ శతాబ్దంలో, ఇది పాలనా విభాగంగా ఏర్పడింది. ఇక్కడి షీదీ, హోంగ్‌సున్ గ్రామాలను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండలు ఎక్కువ, సాగుభూమి తక్కువ. అందుకే ఈ కౌంటీ భాగంగా ఉండిన పాత హుయ్‌జౌ సీమలో మగపిల్లలు పదమూడు పద్నాలుగేళ్లకే ఊరు విడిచి ఉప్పు, తేయాకు, కలప వ్యాపారాల్లోకి వెళ్లేవారు. మింగ్, ఛింగ్ వంశాల కాలంలో వారు దేశమంతటా పేరుమోసిన వర్తకులయ్యారు. గడించిన సొమ్ముతో సొంత ఊళ్లలో ఇళ్లు, వంశ మందిరాలు, బడులు కట్టించారు. ఈ గ్రామాల వైభవమంతా వలసపోయినవారి సంపాదనే.

షీదీ హు వంశస్థుల ఊరు. 904లో హత్యకు గురైన తాంగ్ చక్రవర్తి జావోజోంగ్ కొడుకును హు కుటుంబం దత్తత తీసుకుందనీ, అతని సంతతి 1047లో ఇక్కడికి వచ్చిందనీ వంశ చరిత్ర చెబుతుంది. ఊరి ముంగిట 1578లో హు వెన్‌గువాంగ్ అనే అధికారి గౌరవార్థం నిలిపిన రాతి తోరణం ఉంది. ఒకప్పుడు ఇలాంటివి ఇంకా ఉండేవి. అవన్నీ కూల్చివేతకు గురై ఇదొక్కటే మిగిలింది.

1131లో వాంగ్ వంశీయులు నెలకొల్పిన హోంగ్‌సున్‌కు ప్రాణం నీరే. మింగ్ తొలినాళ్లలో వాంగ్ ఇంటి కోడలు హు చోంగ్ పూనికతో ఇక్కడి కాలువలు రూపుదిద్దుకున్నాయంటారు. ఆడవారి పేర్లు అరుదుగా నమోదైన ఆ కాలంలో ఆమె పేరు నిలవడం విశేషం. పడమటి వాగుకు అడ్డుకట్ట వేసి మళ్లించిన నీరు ఇళ్ల గుమ్మాల ముందుగా సాగి, అర్ధచంద్రాకారపు చెరువులో నిండి, 1607లో తవ్విన దక్షిణ సరస్సు మీదుగా పొలాలకు చేరుతుంది. తెల్లవారుజామున తాగునీరు పట్టుకున్నాకే బట్టలు ఉతకాలన్నది ఊరి పాత కట్టుబాటు. కొయ్య ఇళ్లు అంటుకుంటే ఆర్పే నీరూ ఇదే. ఊరి నమూనాను పడుకున్న ఎద్దుతో పోలుస్తారు: కొండ తల, కాలువలు పేగులు, చెరువు పొట్ట. ఆ పోలిక కన్నా ఆ నీటి వాలు లెక్కే మెచ్చదగింది.

ఇళ్లకు తెల్లని గోడలు, నల్లని పెంకులు. కప్పుకన్నా ఎత్తుగా మెట్లు మెట్లుగా లేచే పక్కగోడలు మంటలు పక్కింటికి పాకకుండా ఆపుతాయి. మన మండువా లోగిలిలో లాగే నడిమింట ఆకాశం కనిపిస్తుంది, నాలుగు వైపుల వాననీరూ లోపలికే జారుతుంది. అలా సంపద ఇంట్లోనే నిలుస్తుందని వారి నమ్మకం. ఉప్పు వర్తకుడు వాంగ్ దింగ్‌గుయ్ 1855లో కట్టించిన చెంగ్‌జీ భవనంలో ఒక దూలం మీద రాజవిందు చెక్కారు. అధికారులు చదరంగంలో మునిగి ఉంటే, ఒక మూల సేవకులు పొయ్యి విసురుతూ టీ కాస్తుంటారు, మంగలి ఒకరి చెవి శుభ్రం చేస్తుంటాడు. ఇంత సూక్ష్మమైన పనితనం కోసమైనా ఆ దూలం కింద కాసేపు ఆగాలి.

19వ శతాబ్దం నుంచి ఈ వర్తకుల ప్రాభవం తగ్గింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేకపోవడమూ ఈ ఇళ్లు మిగలడానికి ఒక కారణం. అలా మిగిలిన ఈ ఊళ్లు సినిమాలకూ ఎక్కాయి. జాంగ్ యీమౌ చిత్రం 'జు దౌ' ఇదే కౌంటీలోని నాన్‌పింగ్ గ్రామంలో తీశారు. ఆంగ్ లీ తీసిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' (2000)లో హోంగ్‌సున్ సరస్సు వంతెన కనిపిస్తుంది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ షీదీని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించింది.