అంబర్‌పేట తొట్టి అడుగున

నయాపూల్ మీద నిలబడండి. పొద్దున ఏడు కావస్తోంది. పత్తర్‌గట్టీ వైపు హోటళ్లలో నహారీ గంజులు తోముతున్నారు. కొవ్వు తెట్టె, సబ్బు నురగ, బియ్యం కడిగిన కుడితి, మరుగుదొడ్ల నీళ్లు అన్నీ మోరీల్లోకి దిగుతున్నాయి. 1908 మూసీ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య హైదరాబాద్ నగరానికి డ్రైనేజీ పథకం వేసిచ్చారు. మురుగు నడిచేది మూసీ వాలు వెంటే, తూర్పుకు.

ఆ వాలు వెంట రండి. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దాటితే అంబర్‌పేట. ఇక్కడి పాత శుద్ధి కేంద్రం సామర్థ్యం 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. జాలీల దగ్గర ప్లాస్టిక్ సంచులు, గుడ్డపేలికలు ఆగిపోతాయి. ఆ తర్వాత కాంక్రీటు తొట్లు. కుళ్లిన గుడ్ల వాసన కొడుతోందా? సల్ఫేటు మీద బతికే బ్యాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. లోపల ఆక్సిజన్ లేదన్నమాట.

తొట్టి అడుగుకు దిగండి. చిమ్మచీకటి. మురుగు కింది నుంచి పైకి ఎక్కుతోంది, గంటకు అర మీటరుకు కాస్త అటూ ఇటూగా. నల్లటి బురద పొరను దూరుకుంటూ పోతోంది. 1970లలో నెదర్లాండ్స్‌లో గాట్సే లెటింగా బృందం రూపొందించిన యూఏఎస్‌బీ పద్ధతి ఇది. ఈ దశలో గాలి కొట్టే మోటార్లు అక్కర్లేదు, మన ఎండల వెచ్చదనం చాలు.

బురదలో ఒక్క తునకను దగ్గరగా చూడండి. ఇక్కడి కాపురస్తులు సూక్ష్మజీవులు. పాతబస్తీ గల్లీలో ఇళ్లలాగా ఒకరి గోడకు ఒకరు ఆనుకుని ఉన్నారు. కొందరు కొవ్వునీ పిండినీ విరగ్గొడుతున్నారు. ఇంకొందరు ఆ ముక్కల్ని పులియబెట్టి ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు చేస్తున్నారు. వాటిని అసిటేటుగా మార్చేవాళ్లకు ఒక చిక్కుంది: తాము వదిలే హైడ్రోజన్ పేరుకుంటే వాళ్ల పనే ఆగిపోతుంది. పక్కనే ఉన్న మీథేన్ జీవులు దాన్ని ఎప్పటికప్పుడు తినేయాలి. నాకు అన్నిటికన్నా అబ్బురం ఇదే, పొరుగువాడు తినకపోతే వీడికి బతుకు లేదు.

ఆ మీథేన్ జీవులు అసలు బ్యాక్టీరియానే కాదు, ఆర్కియా. 1977లో కార్ల్ వోస్ వాటిని వేరే వంశంగా గుర్తించారు. అసిటేటు తినే మెథనోత్రిక్స్ దారపు పోగుల్లా అల్లుకుని తునకను పట్టి ఉంచుతుంది. అది రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. అందుకే తొట్టి మొత్తం దాని నడకకే లోబడి ఉంటుంది. అది కుంటుపడితే ఆమ్లం పేరుకుంటుంది, తొట్టి పులిసిపోతుంది.

నా భయమూ అక్కడే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపింది. తర్వాత ఆ కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపుతో నగరపు ప్రధాన మురుగు లైనుకు కలిపారు. అది వచ్చేది అంబర్‌పేటకే. ఇంత ఇరుకులో బతికే బ్యాక్టీరియా మందును తట్టుకునే జన్యువుల్ని ఒకదానికొకటి అందించుకోగలవు. కొత్త తొట్లు కట్టడం ఒక్కటే సరిపోదు, మందుల మురుగును ఫ్యాక్టరీ గేటు లోపలే ఆపాలి.

మీ తల మీదుగా మీథేన్ బుడగలు పైకి పోతున్నాయి. వాటితో లేచిన బురద తునకలు పైనున్న వాలు పలకలకు తగిలి మళ్లీ కిందకు జారుతున్నాయి, నీళ్లు మాత్రం అంచు పొర్లి అవతల చెరువుల్లోకి పోతున్నాయి. అక్కడ ఆక్సిజన్ పీల్చే మరో గుంపు మిగిలిన పని అందుకుంటుంది.